చెరువు పచ్చగానే ఉంది, బొచ్చెలు మాత్రం ఎదగట్లేదు. ఎందుకు?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. నెల్లూరు జిల్లా కలిగిరి వైపు వానాధారపు చెరువు, నిండితే 60 ఎకరాలు. నవంబరు ఆఖర్లో మీ సంఘం 50 వేల చేపపిల్లల్ని వదిలింది. అందులో 35 వేలు బొచ్చె (కట్ల), మిగతావి శీలావతి, మోసు. ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరు. నీళ్ళు ఆకు రుబ్బి కలిపినంత పచ్చగా ఉన్నాయి. శీలావతి 300 గ్రాములు దాటింది, బొచ్చె మాత్రం 150 దగ్గర ఆగిపోయి తల పెద్దగా, ఒళ్ళు పీలగా కనిపిస్తోంది. మందుల షాపాయన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లమంటున్నాడు. మీ సంఘం పెద్దాయన ఇంకో పది బస్తాల యూరియా వేయమంటున్నాడు. ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్న జీవులు) ఇంత ఉండగా బొచ్చె ఎందుకు ఎదగలేదు, ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటా వినొద్దు. మీ చెరువులో పచ్చదనం ఉంది, బొచ్చె తినే మేత లేదు. ఆ మేతను బొచ్చెలే ఊడ్చేశాయి. ముందు పెంట, ఎరువు ఏది వేస్తున్నా ఆపేయండి. బొచ్చెకి బయటి నుంచి మేత పెట్టండి. వచ్చే ఏడు పిల్లల లెక్క మార్చండి. మైలుతుత్తం జోలికి మాత్రం అసలు పోవద్దు, ఎందుకో కింద చెప్తాను.

నేను ఆత్మకూరు చుట్టుపక్కల చెరువులు లీజుకు తీసుకుని చేపలు పెంచడం మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది. నా చదువు డిగ్రీ దగ్గరే ఆగిపోయింది. ఈ చెప్పేదంతా కొంత ఆఫీసర్లని అడిగి, ఎక్కువ డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

ప్లాంక్టన్ అని మనం ఒకే మాట వాడతాం గానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి కంటికి ఆనని పచ్చ నాచు కణాలు. ఎండ తగిలితే, నీళ్ళలో నత్రజని, భాస్వరం ఉంటే అవే పెరుగుతాయి. రెండోది ఆ నాచును మేసే సన్న పురుగులు. రోటిఫర్లు, మొయినా, డాఫ్నియా, సైక్లాప్స్ అంటారు. గ్లాసు వెలుతురుకి ఎత్తి చూస్తే తెల్లటి చుక్కల్లా గెంతుతూ కనపడేవి అవే. బొచ్చె నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది, కింది పెదవి దళసరిగా ఉంటుంది. పై నీళ్ళలో నోరు తెరుచుకుని తిరుగుతూ, మొప్పల్లో దువ్వెన పళ్ళలా ఉండే వాటితో నీటిని వడగట్టుకుంటుంది. దానికి ముఖ్యమైన తిండి ఈ పురుగులే. పచ్చ నాచు కొంత లోపలికి పోతుంది గానీ దానితో ఒళ్ళు పట్టదు. శీలావతి మధ్య నీళ్ళలో తిరుగుతూ కుళ్ళిన ఆకులు, జమ్ము కాడలకు పట్టిన పాచి గీక్కుని తింటుంది. మోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. అందుకే మీ శీలావతి బాగుంది.

మీ చెరువులో జరిగింది ఇదీ. నవంబరులో కొత్త నీళ్ళు వచ్చాయి, పెంట వేశారు, నాచు వచ్చింది, దాని వెనకే పురుగులు వచ్చాయి. డిసెంబరులో బొచ్చెలు బాగా తిన్నాయి, ఆ నెల ఎదుగుదల కూడా బాగానే ఉండి ఉంటుంది. 35 వేల నోళ్ళు. సంక్రాంతి నాటికి పురుగులు అయిపోయాయి. పురుగులు పోతే నాచును మేసేదేది? అది అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. మందలో గొర్రెలన్నీ కోసుకు తినేసి, గడ్డి ఇంత ఏపుగా ఉందే, కూర ఎక్కడా అని అడిగితే ఎలా ఉంటుందో మీ ప్రశ్న అలా ఉంది. ఎగతాళి అనుకోవద్దు, నేనూ ఒకప్పుడు ఇదే అడిగాను.

దీనికి తోడు ఇంకోటి జరిగింది. కయ్యలకి తూము తీసి రెండు నెలలైంది అన్నారు. 60 ఎకరాల నీళ్ళు ఇప్పుడు 35 ఎకరాలకి వచ్చాయని మీరే రాశారు. చేపలు అన్నే ఉన్నాయి, నీళ్ళు సగం. వేసిన ఎరువూ, పైనుంచి పొలాల మురుగూ, బర్రెల పేడా అంతా ఆ సగం నీళ్ళలోనే చిక్కబడింది. మన జిల్లా చెరువులకి ఇది ప్రతి ఏడూ ఉండేదే. ఈశాన్య రుతుపవనాలకి అక్టోబరు, నవంబరుల్లో నిండుతాయి, మార్చి దాటితే అడుగంటుతాయి. గోదావరి జిల్లాల చేపల చెరువు లెక్కలు తెచ్చి మన దగ్గర పెడితే సరిపోవు. అక్కడ నీళ్ళు ఏడాదంతా ఉంటాయి, కావాలంటే మార్చుకోవచ్చు కూడా.

నా మాట నమ్మి ఊరుకోవద్దు. మూడు పరీక్షలు మీరే చేసుకోవచ్చు, ఖర్చు లేదు.

మొదటిది చెయ్యి ముంచడం. ఎండ బాగా ఉన్నప్పుడు, మోచేతి వరకు చెయ్యి తిన్నగా నీళ్ళలోకి దించి అరచెయ్యి చూడండి. జానెడు లోతుకే కనపడకుండా పోతే నాచు మితిమీరింది. మూరెడు దాటినా వేళ్ళు కనపడుతుంటే మేత తక్కువ. జానకీ మూరకీ మధ్య మాయమైతే నీళ్ళు బాగున్నట్టు. ఆఫీసర్లు నలుపు తెలుపు రేకు తాడుకి కట్టి దించి 25 నుంచి 40 సెంటీమీటర్లు ఉండాలంటారు, లెక్క అదే. అయితే నీళ్ళు బురదతో మసకబారినా చెయ్యి కనపడదు. రంగు చూసి మట్టో నాచో తేల్చుకోవాలి. అనుమానమొస్తే గ్లాసులో పట్టి రెండు రోజులు కదపకుండా ఉంచండి, మట్టి అయితే అడుగున బూడిదరంగు పొర పడుతుంది. సన్న బంకమట్టి అయితే అప్పటికీ పూర్తిగా తేరుకోదు, కానీ పచ్చగా మాత్రం ఉండదు.

రెండోది సీసా పరీక్ష. మీకు ఇదే ముఖ్యం. తెల్లటి ప్లాస్టిక్ బాటిల్‌లో ముప్పాతిక వంతు చెరువు నీళ్ళు పట్టి, నీడలో గంటసేపు కదపకుండా పెట్టండి. పచ్చదనం అంతా పైకి తేలి గట్టిగా పొర కడితే అది నీలి ఆకుపచ్చ నాచు. మన ఎండలకి ఎక్కువగా వచ్చేది మైక్రోసిస్టిస్ అనే రకం. దాని కణాల్లో గాలి బుడగలుంటాయి, అందుకే తేలుతుంది. నీళ్ళంతటా పచ్చదనం సమంగా ఉండిపోతే, లేదా అడుగుకి దిగితే మామూలు నాచు, భయం లేదు. మీరు పెట్టిన ఫొటోలో ఒడ్డున పెయింట్ ఒలికినట్టు తెట్టు కనపడుతోంది. నా అంచనా మైక్రోసిస్టిస్ అనే. ఈ నాచు గుంపులు గుంపులుగా జిగురులో ఉంటుంది. డాఫ్నియా నోటికి పట్టదు, తిన్నా దానికి బలం రాదు. అంటే ఉన్న కాసిని పురుగులకి కూడా తిండి లేదు.

మూడోది పురుగుల లెక్క. మధ్యాహ్నం గ్లాసుతో ముంచి చూశాం, ఒక్క పురుగూ లేదు అని రాశారు. మధ్యాహ్నం చూస్తే ఉన్న చెరువులో కూడా పెద్దగా కనపడవు. వెలుతురుకి ఆ పురుగులు కిందికి దిగిపోతాయి, పొద్దుగూకాక పైకి వస్తాయి. తెల్లవారకముందే వెళ్ళండి. 10 లీటర్ల బకెట్‌తో ఐదు చోట్ల ఐదు బకెట్లు ముంచి, బోల్టింగ్ సిల్క్ అనే అతి సన్న జల్లెడ గుడ్డలోంచి వడపోయండి. రొయ్యల హేచరీల వాళ్ళ దగ్గర ఆ గుడ్డ దొరుకుతుంది. దొరక్కపోతే దగ్గర నేత ఉన్న పాత పంచె పనికొస్తుంది గానీ నాచుకి త్వరగా పూడిపోతుంది. గుడ్డలో మిగిలింది కొలత గీతలున్న చిన్న సీసాలోకి కడిగి, చిటికెడు ఉప్పు వేయండి. పావుగంటలో పురుగులు అడుగుకి చేరతాయి. 50 లీటర్లకి 1 నుంచి 2 మిల్లీలీటర్లు ఉంటే మేత దండిగా ఉన్నట్టు. పైన తేలే పచ్చ తెట్టును లెక్కలోకి తీసుకోకండి, చాలామంది పొరపాటు పడేది అక్కడే. మైక్రోస్కోప్ కింద చూపించుకోవాలంటే ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, ఒక సీసా పట్టుకుని వెళ్ళి రండి.

ఇప్పుడు నా కథ. లీజుకి దిగిన మూడో ఏడు అనుకుంటాను, నెల్లూరు మార్కెట్లో బొచ్చెకి ధర బాగుందని పిల్లల్లో ముప్పాతిక వంతు బొచ్చె వేశాను. పిల్లలమ్మేవాడు కూడా "అదే వెయ్యి అన్నా, బరువు తూగుతుంది" అన్నాడు. తూగేది నిజమే, మేత ఉంటే. మార్చిలో వల లాగితే ఒక్కోటి పావుకిలో. తలకాయలే తలకాయలు. కొనేవాడు వచ్చి చూసి, మాట్లాడకుండా బండెక్కి పోయాడు. ఆ ఏడు చెరువు మీ దానికంటే పచ్చగా ఉండింది. ఊళ్ళోవాళ్ళు "నీకేం అబ్బా, పసరు నీళ్ళు" అని మెచ్చుకున్నారు కూడా.

మైలుతుత్తం సంగతి. అది నాచును చంపుతుంది, అబద్ధం లేదు. కష్టం చంపిన తరవాత మొదలవుతుంది. చచ్చిన నాచంతా ఒకేసారి కుళ్ళుతుంది, కుళ్ళేటప్పుడు నీళ్ళలో ప్రాణవాయువు లాగేస్తుంది. పగలు ప్రాణవాయువు ఇచ్చేది కూడా ఆ నాచే, అదీ లేదు. లీటరుకి 5 మిల్లీగ్రాములుండాల్సింది 3 కంటే తగ్గితే చేప మేత మానేస్తుంది, 1 దగ్గరికి వస్తే తేలిపోతుంది. నా పక్క చెరువు వాళ్ళు ఒక షాపాయన చెప్పాడని మధ్యాహ్నం చల్లారు, మూడో రోజు తెల్లవారుజామున మోసు, శీలావతి అంతా ఒడ్డుకి వచ్చి నోళ్ళు తెరిచాయి. ట్రాక్టర్లతో ఎత్తి పాతిపెట్టారు. పైగా నీటి గట్టితనాన్ని బట్టి ఆ మందు మోతాదు మారిపోతుంది. గట్టి నీళ్ళలో పనిచెయ్యదు, మెత్తటి నీళ్ళలో చేపనే చంపుతుంది. మీది కయ్యలకి పారే చెరువు, బర్రెలు తాగే చెరువు. ఆ రాగి అంతా ఎక్కడికి పోతుంది?

యూరియా కూడా అంతే ప్రమాదం. నాచు ఎక్కువున్న నీళ్ళలో మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ (నీటి క్షారగుణం కొలత) చూడండి, 9 దాటి ఉంటుంది. అంత పీహెచ్‌లో అమ్మోనియా విషంగా మారుతుంది. యూరియా వేశారంటే అమ్మోనియా పెంచుతున్నట్టే, మైక్రోసిస్టిస్‌కి ఇంకో విందు పెడుతున్నట్టే. పెద్దాయన చెప్పింది పూర్తిగా తప్పని కాదు. నీళ్ళు తేటగా ఉన్న డిసెంబరు మొదట్లో అయితే సూపర్ ఫాస్ఫేటూ, కొంచెం యూరియా పనికొచ్చేవే. వేళ తప్పింది, అంతే.

ప్రోబయోటిక్స్ (మేలు చేసే సూక్ష్మజీవుల మందులు) గురించి కూడా ఎవరో కామెంట్లో అడిగారు. ఎకరం, రెండెకరాల రొయ్యల గుంటలో ఆ లెక్క వేరు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లుంటాయి, నీళ్ళు మన చేతిలో ఉంటాయి. 35 ఎకరాల ఊరి చెరువులో నాలుగు డబ్బాలు పోస్తే మీ డబ్బులు తప్ప ఇంకేం తగ్గవు.

ఇక ఇప్పుడు చెయ్యాల్సింది.

బతికినవి 30 వేలు, సగటు 180 గ్రాములు అనుకుందాం. 5 టన్నుల పైన చేప ఉన్నట్టు. అందులో రోజుకి 2 శాతం మేత అంటే 100 కిలోలు దాటుతుంది. అంత పెట్టలేకపోతే సగమైనా పెట్టండి. తవుడు, వేరుశెనగ చెక్క. చెక్క ముందు రోజు రాత్రి నానబెట్టాలి. ప్లాస్టిక్ గోతాలకి కింది భాగంలో చిన్న చిన్న చిల్లులు పొడిచి, మేత నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకి నీళ్ళలో మునిగేలా కట్టండి. కొల్లేరు వైపు అంతా ఇలాగే చేస్తారు. చల్లితే సగం నీళ్ళపాలు, గోతానికైతే చేపే వచ్చి పొడుచుకు తింటుంది. బొచ్చె అలవాటు పడటానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఖంగారు పడొద్దు. గోతాలు లోతున్న చోట కట్టండి. తొమ్మిదింటి తరవాత, ఎండ వచ్చాక కట్టండి. మబ్బు పట్టిన రోజు సగానికి తగ్గించండి.

సన్న కన్ను వలతో జిలేబీ చేపలు (తిలాపియా), పక్కెలు, పరిగెలు ఎంత తీయగలిగితే అంత తీసేయండి. అవి కూడా అవే పురుగుల్ని తింటాయి. అందరూ బొచ్చె లెక్కే చూస్తారు గానీ, లెక్కలోకి రాని ఈ చిన్న చేపలు తినేది తక్కువేం కాదు. సంఘంలో వాళ్ళకి కూరకైనా వస్తాయి. శీలావతి అరకిలో దాటగానే పెద్దవి ఏరి అమ్మేస్తూ రండి. నీళ్ళు తగ్గేకొద్దీ చేపలూ తగ్గాలి.

తెట్టు గాలికి ఒక మూలకి చేరుతుంది. అక్కడ పాత చీరలు కుట్టి ఇద్దరు పట్టుకుని లాగి ఒడ్డు మీదకి దూరంగా పారేయండి. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నాలుగు రోజులు ఇలా లాగితే తేడా తెలుస్తుంది. ఆ మూల బర్రెల్ని, గొర్రెల్ని తాగనివ్వొద్దు. మైక్రోసిస్టిస్‌లో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉండొచ్చు. తెట్టు చేరిన నీళ్ళు తాగి పశువులు చచ్చిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. ఊళ్ళో చాటింపు వేయించండి.

వచ్చే రెండు నెలలూ తెల్లవారుజామున నాలుగింటికి ఒకరు కట్ట మీద ఉండాలి. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువు పీలుస్తుంది కాబట్టి తెల్లవారేటప్పటికి నీళ్ళలో అది అతి తక్కువ ఉంటుంది. చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే ఆ రోజు మేత వద్దు, వల వద్దు. ఆయిల్ ఇంజన్ పెట్టి తూము దగ్గరి నీళ్ళే లాగి, పైనుంచి చిమ్ముతూ మళ్ళీ చెరువులోకే పోయండి. 35 ఎకరాలకి అది ఏ మూలకీ చాలదు, కానీ ఆ నీళ్ళు పడే చోటికి వచ్చి చేరిన చేపలు బతుకుతాయి. నీళ్ళు వదిలే రోజు మీ చేతిలో ఉంటే అలాంటి రోజే తూము తీయించండి, అడుగున ఉన్న చెడ్డ నీళ్ళు ముందు పోతాయి.

సున్నం ఇప్పుడు వద్దు. పీహెచ్ ఇప్పటికే ఎక్కువ.

వెండి చేప (సిల్వర్ కార్ప్) వేస్తే నాచును తినేస్తుంది కదా అని మీరే అడిగారు. తింటుంది, నాచును వడగట్టడంలో దాన్ని మించింది లేదు. కానీ మూడు మాటలు గుర్తుంచుకోండి. మైక్రోసిస్టిస్ గుంపులు దాని పేగుల్లోంచి బతికే బయటికి వస్తాయి, అరగవు. అది బొచ్చెతో పాటు పై నీళ్ళలోనే తిరిగి బొచ్చె తిండికి పోటీ వస్తుంది. పట్టిన తరవాత తొందరగా మెత్తబడుతుంది, ధర పలకదు. నేను వందకి ఐదు మించి వేయను. ఫిబ్రవరిలో అయితే అసలు వేయను.

వచ్చే ఏడు లెక్క. వందలో 30 బొచ్చె, 40 శీలావతి, 30 మోసు. జమ్ము, నీటి కలుపు ఎక్కువున్న చెరువైతే నాలుగైదు గడ్డి చేపలు (గ్రాస్ కార్ప్). పిల్లల సైజు ఇంకా ముఖ్యం. హేచరీల్లో పిల్లలు దిగేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, మన చెరువు నిండేది నవంబరులో. ఆ మధ్య కాలం పిల్లల్ని చిన్న గుంటలో పెంచుకుని, వేలెడు దాటాక చెరువులోకి వదలండి. వేలిలో సగం లేని పిల్లని నవంబరులో వదిలితే వాలుగలకి, కొరమీనుకి, నీటికాకులకి మేత పెట్టినట్టు. గూడబాతుల సంగతి చెప్పక్కర్లేదు.

పెంట ఒకేసారి కుప్ప పోయకుండా, నీళ్ళు వచ్చిన వారం నుంచి పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం వేయండి. ప్రతి సారీ ముందు చెయ్యి ముంచి చూడండి. జానకి దగ్గరైతే ఆ విడత మానేయండి. తుపాను తరవాత మాత్రం తొందరపడొద్దు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి నా చెరువులోకి ఎర్రమట్టి నీళ్ళొచ్చి బెత్తెడు లోతులో చెయ్యి కనపడలేదు. ఎండ దిగకపోతే నాచు రాదు, నాచు రాకపోతే పురుగు రాదు. అలాంటి నీళ్ళలో ఎంత ఎరువు పోసినా దండగే. వరిగడ్డి మోపులు కట్టి అక్కడక్కడా వేశాను, సంక్రాంతికి తేరుకుంది. అప్పుడు పెంట మొదలుపెట్టాను. ఆ ఏడు బొచ్చె ఆలస్యంగా ఎదిగింది గానీ ఎదిగింది.

వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు పూడిక మట్టి తోలుకుంటామంటే అడ్డం చెప్పకండి. ఆ మట్టితో పాటు ఏళ్ళ తరబడి పేరుకున్న భాస్వరం పొలాలకి పోతుంది. మీ చెరువులో ఈ తెట్టుకి మూలం అందులోనే ఉంది. కలుజు (చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు) దగ్గర వల కట్టడం మాత్రం వానలకి ముందే చూసుకోండి, నిండాక కట్టబోతే ప్రాణం మీదకి వస్తుంది.

సీసా పరీక్ష ఫొటో, తెల్లవారుజామున గుడ్డలో ఎన్ని మిల్లీలీటర్లు పడిందో ఇక్కడే కింద పెట్టండి. పొర తేలకపోతే నా అంచనా తప్పినట్టే, అప్పుడు మేత లెక్క మళ్ళీ చూద్దాం.